సర్వే బోటు: ట్రైలర్ మీద అవుట్‌బోర్డా, నీళ్లలో ఉండే డీజిలా? ఏది మేలు?

అమెరికాలో మేరీల్యాండ్ ఒడ్డున పారే పొటోమాక్ నదిలో మునిగిన నౌకలకు కొదవ లేదు. పైనీ పాయింట్ దగ్గర జర్మన్ సబ్‌మెరైన్ యూ-1105 ఉంది. ధ్వనితో నీటి కింద వస్తువుల్ని పట్టే సోనార్‌కి చిక్కకుండా ఒంటినిండా రబ్బరు తొడిగిన దీన్ని అమెరికా నేవీ 1949లో పేలుడు పరీక్షల్లో ముంచేసింది. ఎగువన మ్యాలోస్ బేలో మొదటి ప్రపంచయుద్ధం కోసం కట్టిన చెక్క స్టీమర్ల శిథిలాలు పదుల కొద్దీ ఉన్నాయి. ఇలాంటి చోట్ల జీతం లేకుండా, సెలవు రోజుల్లో సర్వే చేసే వాలంటీర్లు ఏ బోటు పెట్టుకోవాలి? వెనక మోటార్ తగిలించి ట్రైలర్ మీద లాక్కెళ్లే చిన్న అవుట్‌బోర్డ్ బోటా, లోపల డీజిల్ ఇంజిన్‌తో ఎప్పుడూ నీళ్లలోనే ఉండే బరువైన బోటా?

మ్యాలోస్ బేకి అవుట్‌బోర్డే. లోతు తక్కువ, నీటి కింద మొనదేలిన ఇనుప చువ్వలు. మోటార్‌ని పైకెత్తి తెడ్లతో నెట్టుకుంటూ పోవచ్చు. ఇందులో వాదించడానికేం లేదు.

యూ-1105 దగ్గర కథ వేరు. అడుగు సుమారు 90 అడుగుల లోతు, ప్రవాహం జోరు, నీళ్లు మసక. డైవర్లు చలికి వణుకుతూ పైకొస్తారు. వాళ్లకి నీడ, సిలిండర్లకి చోటు, లంగరు మీద నిలకడగా ఆగే బరువు కావాలి. నది అడుగుని ధ్వనితో బొమ్మ తీసే సైడ్ స్కాన్ సోనార్‌ని బోటు వెనక లాగేటప్పుడు కూడా అంతే. పొలం దున్నినట్టు వరస వెంట వరస, నాలుగు నాట్ల (గంటకు సుమారు ఏడు కిలోమీటర్ల) వేగంతో తిన్నగా పోవాలి. తేలికపాటి బోటు ముక్కుని గాలి పక్కకి నెట్టేస్తుంది, బొమ్మ వంకర్లు పోతుంది. నీటి కింద ఇనుము జాడ పట్టే మ్యాగ్నెటోమీటర్‌కి మాత్రం స్టీలు బోటు బెడద. ఆ ఇనుము ప్రభావం తగలకుండా కేబుల్ బాగా పొడవుగా వదలాలి.

పనితనంలో డీజిల్‌ది పైచేయి. కానీ దాన్ని సాకడం తేలిక కాదు. అడుగున పట్టే గుల్లలు గీకి రంగు వెయ్యాలి, తుప్పు ఆపే లోహపు ముక్కలు (యానోడ్‌లు) మార్చాలి. ఉప్పు తక్కువున్న నీళ్లలో జింక్ కంటే అల్యూమినియం యానోడ్‌లే నయం. ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు తోడే పంపులో రబ్బరు రెక్కల చక్రం (ఇంపెల్లర్) ఉంటుంది. రెక్క తెగితే కొత్తది బిగించి ఊరుకోకూడదు. ఆ ముక్క ఇంజిన్ వేడిని నీళ్లకిచ్చే హీట్ ఎక్స్‌ఛేంజర్ గొట్టాల మూతి దగ్గర ఇరుక్కుంటుంది. మూత విప్పి, ముక్కలన్నీ ఏరి, పాత రెక్కల పక్కన పేర్చి సరిచూసుకోవాలి. ఒక్కటి మిగిలినా నడి నదిలో ఇంజిన్ వేడెక్కిపోతుంది.

అవుట్‌బోర్డ్‌కి మంచినీళ్లతో కడగడం, గేర్ ఆయిల్ చూసుకోవడం, ఇథనాల్ కలిసిన పెట్రోల్‌ని నెలల తరబడి ట్యాంకులో మురగనివ్వకపోవడం, చాలావరకు అంతే. ట్రైలర్ మీద ఎవరి ఇంటి ముందో ఉంటుంది, రేవు అద్దె ఉండదు.

కొత్త బృందం అవుట్‌బోర్డ్‌తోనే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. వాలంటీర్ల దగ్గర అన్నిటికంటే కరువైనది టైమ్. అది శిథిలం మీద ఖర్చవ్వాలి, ఇంజిన్ మీద కాదు. డైవింగ్ రాకపోయినా రెంచ్ పట్టుకుని క్రమం తప్పకుండా వచ్చేవాళ్లు నలుగురు కుదిరాక డీజిల్ కొనండి. అప్పుడు కూడా పాత అవుట్‌బోర్డ్ అమ్మొద్దు, మ్యాలోస్ బేకి అదే కావాలి.