ట్రిప్ 35 ఎర్ర జెండాతో నా గొడవ: గంజాం, గజపతి రోడ్ల మీద వాడాక

ఒలింపస్ వాళ్ల పాత ఫిల్ము కెమెరా ట్రిప్ 35 గురించి ఎవరిని అడిగినా బ్యాటరీ అక్కర్లేదనీ, లెన్స్ చుట్టూ గాజు వెనక ఉన్న సెలీనియం సెల్లే వెలుతురు కొలుస్తుందనీ చెబుతారు. అందరికీ తెలిసిందే కాబట్టి అదంతా వదిలేస్తున్నా. నా గొడవంతా వ్యూఫైండర్‌లో లేచే చిన్న ఎర్ర జెండాతో. వెలుతురు చాలకపోతే కెమెరా జెండా ఎత్తి షట్టరు బిగించేస్తుంది. ఆ తర్వాత ఎంత నొక్కినా క్లిక్ అనదు.

మాది బరంపురం. సెలవు దొరికితే బావ కారు తీస్తాడు, నేను పక్క సీట్లో కెమెరా పట్టుకుని కూర్చుంటాను. ఛత్రపురం మీదుగా రంభ వైపు వెళ్తాం, లేదంటే తప్తపాణి ఘాటెక్కి పర్లాకిమిడి వైపు. ఒక పక్క ఒడియాలో, ఇంకో పక్క తెలుగులో పేరు రాసిన కిరాణా కొట్లు, రంగు వెలిసిన సిమెంటు ప్రకటనలు, మూతబడిన పెట్రోలు బంకులు, మొగలి పొదలు కమ్ముకున్న ఇటుక గోడలు, ఇవీ నేను తీసేవి. వీటికి ఈ కెమెరా భలే పనికొస్తుంది. ఫోకస్ రింగు మీద దూరపువాటికి ఉండే కొండ గుర్తు పెట్టేస్తే బండి పూర్తిగా ఆగకముందే నొక్కేయొచ్చు. ముగ్గురు మనుషుల గుర్తంటే మూడు మీటర్లు, కొట్టు గోడకు అది చాలు. బావకు దారిలో ఆగడమంటేనే చిరాకు, కాబట్టి నాకు ఈ వేగం ముఖ్యం. మిట్టమధ్యాహ్నం ఎండలో అసలు జెండా ఉందన్న సంగతే గుర్తుండదు.

చిక్కంతా దిగి లోపలికి వెళ్లాకే. గంజాం ఊరి దగ్గర, ఋషికుల్య సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, ఇంగ్లీషువాళ్లు 1768లో కట్టిన పోతగఢ్ కోట ఉంది. ఒకప్పుడు జిల్లాకు గంజామే ముఖ్యపట్నం. 1815 ప్రాంతంలో జ్వరాలు ప్రబలడంతో అధికారులు అక్కడినుంచి తరలిపోయారు. కోటలో ఏ గదిలోకి అడుగుపెట్టినా జెండా లేచేది. బయటినుంచి బావ "ఎత్తిందా?" అని కేకేసేవాడు. ఎత్తిందంటే, "అయితే రా, టీ తాగుదాం" అనేవాడు.

దీనికి విరుగుడు లేకపోలేదు. లెన్స్ రంధ్రం సైజు మార్చే రింగును ఆటోమేటిక్‌కు ఉండే 'A' గుర్తు మీదనుంచి తప్పించి, అన్నిటికన్నా పెద్ద రంధ్రమైన 2.8 మీద పెడితే షట్టరు సెకనులో 40వ వంతు దగ్గర స్థిరపడుతుంది, జెండా ఊసుండదు. ఆ నిదానానికి ఫోటో అదరకుండా ఊపిరి బిగబట్టి, భుజం గోడకు ఆనించి నొక్కాలి. గుమ్మం ఎదురుగా ఉన్నప్పుడు ఇంకో ఇబ్బంది. బయటి వెలుగు చూసి మీటరు మోసపోతుంది, జెండా లేవదు, గది మాత్రం నల్లగా వస్తుంది. కెమెరాను నేలవైపు తిప్పి షట్టరు సగం నొక్కి, అలాగే పట్టుకుని మళ్లీ గుమ్మం వైపు తిప్పితే కొలత మారదు. ఇవన్నీ అలవాటయ్యాక జెండా మీద కోపం తగ్గింది. రీళ్ల ధరలు ఇలా మండిపోతున్న రోజుల్లో పనికిరాని ఫ్రేము తీయనివ్వకపోవడం మేలే కదా అనిపించింది. జెండా లేవలేదంటే ఫోటో వచ్చినట్టేనని తెలిసినవాళ్లకు చెప్పాను కూడా. ఇప్పుడు ఆ మాట అంత గట్టిగా అనను.

నౌపడా నుంచి పర్లాకిమిడికి రాజావారు వేయించిన చిన్న రైలు మా వైపు పెద్దవాళ్లందరికీ తెలుసు. రెండున్నర అడుగుల పట్టాల మీద 1900లో మొదలైంది, తర్వాత గుణుపురం దాకా సాగింది, 2004లో ఆగిపోయింది. ఇప్పుడు పెద్ద లైను నడుస్తోంది. ఆ లైను పక్కన తలుపు కూడా లేని ఒక పాత గదిలో, గోడకు లాంతరు తగిలించే ఇనుప కొక్కెం, దాని పైన మసి మచ్చ ఇంకా ఉన్నాయి. కొక్కెం నున్నగా అరిగిపోయి ఉంది. మసి మాత్రం గోరుతో గీకినా రాలేదు. గదికి పైకప్పు సగమే ఉండటంతో వెలుతురు బాగానే పడుతోంది. జెండా లేవలేదు. కొక్కెం, గోడ, గుమ్మం అన్నీ తీరిగ్గా తీసుకున్నాను.

బరంపురంలో రంగుల రీలు కడిగేవాళ్లు నాకు దొరకలేదు, కొరియర్లో పంపిస్తాను. స్కాన్లు వచ్చాయి. రోడ్డు మీద ఎండలో తీసినవి బాగున్నాయి. గదిలోవి, చెట్ల నీడలోవి బురదగా, గింజలు గింజలుగా ఉన్నాయి. కొక్కెం ఎక్కడుందో వెతుక్కోవాలి. ముందు ల్యాబు మీద అనుమానం పడ్డాను, తర్వాత రీలు మీద. లెన్స్‌కు మూత పెట్టి నొక్కి చూస్తే జెండా ఠంచనుగా లేస్తోంది, అంటే మీటరు బతికే ఉంది. చివరికి రీలు లేకుండా వెనక తలుపు తెరిచి, గది వెలుతురులో అదే రింగు అతి చిన్న రంధ్రమైన 22 మీద ఒకసారి, 2.8 మీద ఒకసారి పెట్టి నొక్కాను. రెండుసార్లూ అదే సన్నటి రంధ్రం! లోపల ఆ రంధ్రాన్ని పెంచి తగ్గించే రెండు రేకులు అతుక్కుపోయాయి.

అప్పటికిగానీ లెక్క తేలలేదు. ఎండలో ఎలాగూ చిన్న రంధ్రమే కావాలి కాబట్టి ఆ ఫోటోలు బతికాయి. నీడలో రేకులు తెరుచుకోవాల్సి వచ్చేసరికి అన్నీ పోయాయి. జెండా చూసేది మీటరు సూదిని మాత్రమే. సూది చెప్పినట్టు రేకులు విన్నాయో లేదో దానికి తెలియదు. వైజాగులో ఒక పెద్దాయన విప్పి చూసి, పొడిగా ఉండాల్సిన రేకుల మీద పాత నూనె జిగురు కట్టిందన్నాడు. నాకు అమ్మినవాడు "ఫుల్ సర్వీసు చేయించాం సార్" అన్నదాంట్లో ఆ నూనె చుక్క కూడా ఉందేమో. స్పిరిట్‌తో తుడిచాక బాగానే ఉంది. అయినా ప్రతి రీలుకు ముందు ఆ పరీక్ష చేయకుండా బయల్దేరడం లేదు. గోపాలపురంలో రంగూన్ వర్తకం నాటి గిడ్డంగుల గోడలు తీసేటప్పుడు, నొక్కే క్షణం వరకూ కెమెరా బ్యాగులోనే ఉంటోంది. ఆ ఉప్పుగాలి ఏ లోహాన్నీ వదలదు.

నేనైతే దీన్ని అమ్మను. నా కళ్లకు లెన్స్ తిప్పుతూ ఫోకస్ చూసుకునే ఓపిక లేదు, నేను తీసేదాంట్లో ఎక్కువ భాగం రోడ్డు పక్క ఎండలోనే. రాయగడ, కొరాపుట్ వైపు చెట్ల కింద పాడుబడ్డ బంగళాలే మీ లక్ష్యమైతే తక్కువ వెలుతురుకు పనికొచ్చే 400 స్పీడు రీలు వేయండి, రీలు స్పీడు పెట్టే డయల్ మీద అంతకు మించి అంకె లేదు. గదుల లోపలే పనంటే చేత్తో అన్నీ పెట్టుకునే కెమెరా వేరే చూసుకోవడం మంచిదేమో. కొనేవాళ్లు రేకులతో పాటు వెలుతురు లోపలికి చొరబడకుండా వెనక తలుపు అంచున ఉండే స్పాంజిని కూడా గోరుతో నొక్కి చూడండి. జిగటగా అంటుకుంటే మార్పించే ఖర్చు తగ్గించి బేరమాడండి.