నేటి వచనం కన్నా నేటి అధ్యాయం మేలు: ఒక బైబిలు యాప్‌పై సమీక్ష

ఏడాది పాటు ప్రతి ఉదయం ఈ యాప్‌లో బైబిలు చదివాను. ఇందులో అందరి కంటా మొదట పడేదీ, నా దృష్టిలో అన్నిటికన్నా బలహీనమైనదీ ‘నేటి వచనం’. ఈ వరుసలో యిర్మీయా 29:11 పదేపదే వస్తుంది. దేవుని ఉద్దేశాలు హాని కోసం కాదని, ముందుకాలానికి నిరీక్షణ ఉందని చెప్పే ఆ మాటను పరీక్షలకూ ఇంటర్వ్యూలకూ వెళ్లేవారికి శుభాకాంక్షలా పంపడం మామూలైపోయింది. అయితే అది బబులోనుకు చెరగా పోయినవారికి రాసిన ఉత్తరంలోని మాట. దానికి ముందున్న 10వ వచనం విడుదలకు 70 సంవత్సరాలు పడుతుందని చెబుతుంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దల్లో చాలామంది తిరుగు ప్రయాణాన్ని చూడకుండానే కన్నుమూస్తారు. ఆలోగా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అంటాడు ప్రవక్త. పరాయి చోట ఎన్నాళ్లుండాలో తెలియని నేటి వలస మనిషికి పనికివచ్చేది ఈ ఉత్తరమంతా కలిసి, అందులోంచి కత్తిరించిన ఒక్క వాక్యం కాదు.

యాప్ గొప్పతనం సంబంధిత వచనాల లంకెలలో ఉంది. సూర్యుడు అస్తమించక ముందే కూలివాని కూలి ఇచ్చివేయాలన్న ద్వితీయోపదేశకాండము 24:15ను తాకగానే, బిగబట్టిన కూలి మొరపెడుతోందన్న యాకోబు పత్రిక 5:4 తెరుచుకుంటుంది. జీతాల బకాయిలు ఉన్నంతకాలం ఈ రెండు వచనాలకూ పాతదనం రాదు. కొత్త ఇంటి కప్పు చుట్టూ పిట్టగోడ కట్టించమనే ద్వితీయోపదేశకాండము 22:8 కూడా నన్ను ఆపింది. మన ఇంటిపై నుంచి మరొకరు పడిపోతే ఆ బాధ్యత మనదేనన్న ఆలోచనను నేటి భద్రతా నియమాలు ఇంకా వదల్లేదు.

అడుగు గమనికలు నిజాయితీగా ఉన్నాయి. మార్కు సువార్త 16:9-20 వచనాలు 4వ శతాబ్దపు సినాయి, వాటికన్ అనే ప్రాచీన గ్రీకు చేతిరాత ప్రతులలో లేవని సూటిగా చెబుతాయి. దీనివల్ల విశ్వాసం సడలుతుందని భయపడేవారు ఉండవచ్చు గాని, దాచిపెట్టడం కన్నా ఇదే నాకు నచ్చింది.

పఠన ప్రణాళిక మాత్రం విసిగించింది. 66 పుస్తకాల్లోని 1,189 అధ్యాయాలను 365 రోజులకు పంచితే రోజుకు మూడో నాలుగో వస్తాయి. ఒక్క రోజు తప్పినా వరుస లెక్క సున్నాకు పడిపోతుంది. ఆ లెక్క కాపాడుకోవడానికి, చదవకుండానే ‘పూర్తయింది’ అని నొక్కిన రోజులు నాకూ ఉన్నాయి. లేవీయకాండము 25లో, అమ్ముడుపోయిన భూమి 50వ ఏట మొదటి కుటుంబానికే తిరిగి చేరాలన్న సునాద సంవత్సరపు నియమం దగ్గర నాలుగు రోజులు ఆగిపోయాను. యాప్ వాటిని గైర్హాజరుగా రాసుకుంది. తరువాతి వెర్షన్‌లోనైనా ఆ లెక్కను ఆపివేసే వీలు కల్పించాలి.