విడి స్ట్రిప్పుల్లో కాంటాక్ట్ లెన్సులు కొంటున్నారా? ముందు రేకు అంచు చూసుకోండి

బాక్సు లేకుండా, రెండు మూడు స్ట్రిప్పులు జిప్ కవర్లో వేసి తక్కువ ధరకు అమ్మే డైలీ లెన్సులు (ఒక్కరోజు వాడి పారేసేవి) కొనొద్దు. ఇప్పటికే కొని ఉంటే ఒక్కో బ్లిస్టర్‌నూ (లెన్స్ ఉండే, రేకు మూత వేసిన చిన్న ప్లాస్టిక్ గిన్నె) కింద చెప్పినట్టు పరీక్షించాకే వాడండి. ఇలా వచ్చే సరుకులో సీల్ వదిలిన బ్లిస్టర్లు ఉంటున్నాయి. ఒకదాంట్లో నీళ్లు సగమే ఉంటాయి, ఇంకోదాంట్లో లెన్స్ ఎండి వడియంలా గిన్నెకు అంటుకుపోయి ఉంటుంది. అమ్మినవాళ్లను అడిగితే "కొంచెం సొల్యూషన్ పోసి నానబెట్టండి, మళ్లీ మెత్తబడుతుంది" అంటారు. మెత్తబడే మాట నిజమే. కానీ అది ఇక కంట్లో పెట్టుకునే లెన్స్ కాదు.

చాలామంది పొరబడేది ఇక్కడే. లెన్సులు కడిగి నానబెట్టడానికి సీసాలో కొనే మల్టీపర్పస్ సొల్యూషన్‌లో క్రిములను చంపే మందు ఉంటుంది. బ్లిస్టర్‌లో ఉండేది మామూలుగా బఫర్ (ఆమ్లత మారకుండా నిలిపే పదార్థం) కలిపిన ఉప్పునీళ్లే, సుమారు 0.9 శాతం ఉప్పు. పరిమాణం ఒక మిల్లీలీటరు అటూ ఇటూ. క్రిమి ఒకటి లోపలికి వెళ్తే దాన్ని ఆపే మందేదీ అందులో లేదు. అందుకే సీల్ ఉన్నంతవరకే ఆ లెన్స్ శుభ్రం. వాడిన లెన్స్‌ను తిరిగి అదే గిన్నెలో వేసి రేకు మూసి దాచుకోవడం తప్పనేదీ ఇందుకే.

సీల్ ఎలా వేస్తారో తెలిస్తే ఎక్కడ చూడాలో తెలుస్తుంది. గిన్నె పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్. మూత అల్యూమినియం రేకు, దాని అడుగున కరిగే ప్లాస్టిక్ పొర. వేడి అచ్చు పైనుంచి అదిమితే ఆ పొర గిన్నె చుట్టూ ఉంగరంలా అతుక్కుంటుంది. ఆ ఉంగరం వెడల్పు కొద్ది మిల్లీమీటర్లే. తర్వాత మొత్తం ప్యాక్‌ను ఆటోక్లేవ్‌ అనే ఒత్తిడి పాత్రలో 121 డిగ్రీల ఆవిరిలో ఉంచి స్టెరిలైజ్ చేస్తారు, అంటే క్రిములన్నిటినీ చంపేస్తారు.

లోపాలు వచ్చే చోట్లు తెలిసినవే. ఉప్పునీళ్లు నింపేటప్పుడు ఒక చుక్క అంచు మీద పడితే, వేడి అచ్చు తగలగానే ఆ చుక్క ఆవిరై అతుకులో సన్నని దారి మిగులుస్తుంది. లెన్స్ పైకి తేలి దాని అంచు రేకు కింద చిక్కుకుంటే అక్కడ అతుకే పడదు. అచ్చు ఒక పక్కకు వాలి ఉంటే ఒక మూల ఒత్తిడి తక్కువై సీల్ బలహీనమవుతుంది. ఆటోక్లేవ్ దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. వేడి దిగేటప్పుడు బయటి ఒత్తిడిని ముందే తగ్గిస్తే, లోపల ఇంకా వేడిగా ఉన్న గాలీ ఆవిరీ రేకును పైకి తోసి అతుకును కొంత విడదీస్తాయి. అది పైకి కనపడదు, రవాణాలో నలిగినప్పుడు బయటపడుతుంది. ఇవన్నీ ఫ్యాక్టరీలో పట్టుకోవాల్సినవే. స్టెరిలైజ్ చేసే వైద్య పరికరాల ప్యాకింగ్‌కు ఐఎస్ఓ 11607 అనే ప్రమాణం ఉన్నది అందుకే.

సీల్‌ను మరీ గట్టిగా వేయడమూ పరిష్కారం కాదు. అప్పుడు విప్పబోతే రేకు మధ్యలో చిరుగుతుంది, జనం గోటితోనో కత్తెరతోనో పొడుస్తారు, లెన్స్ తెగుతుంది. చేతితో లాగితే ఊడాలి, పెట్టెలో నలిగినా ఊడకూడదు. ఈ రెండూ కుదరడానికి మంచి ప్యాక్‌లలో లాగే వైపు ఉంగరాన్ని ముక్కులా కోసుగా మలుస్తారు. లాగినప్పుడు బలమంతా ఆ కొస మీద పడి అతుకు అక్కడ మొదట విడుతుంది, మిగతా చుట్టూ ఉంగరం వెడల్పుగా ఉండవచ్చు. కాబట్టి "ఇది ఎంత తేలిగ్గా ఊడుతుందో" అని మెచ్చుకోకండి. వేలు తగిలితేనే లేచే రేకు అనుమానించాల్సిన రేకు.

ఇంట్లో చేసే పరీక్ష ఇది. బ్లిస్టర్‌ను వెలుతురుకు ఎత్తి వాల్చండి, లోపలి గాలి బుడగ పక్క బ్లిస్టర్లలో ఉన్నంతే ఉండాలి. రేకు అంచు చుట్టూ తెల్లటి పొడి ఉందేమో చూడండి. అది దుమ్ము కాదు, కారి ఎండిన ఉప్పు. అన్నిటికంటే నమ్మదగ్గ గుర్తు ఇదే. తర్వాత పొడి టిష్యూ మీద రేకు కిందికి ఉండేలా బోర్లించి గంటసేపు వదిలేయండి. చెమ్మ కనిపిస్తే పక్కన పెట్టేయండి. గిన్నెను వేళ్లతో గట్టిగా నొక్కి చూడొద్దు, మంచి సీల్ కూడా దెబ్బతింటుంది. 0.01 గ్రాము చూపే చిన్న డిజిటల్ తూకం ఉంటే ఒకే లాట్ (ఒకే విడతలో తయారైనవి), ఒకే పవర్ బ్లిస్టర్లను తూచండి. ఒకటి మిగతావాటికంటే 0.2 గ్రాములు తగ్గిందంటే నీళ్లలో ఐదో వంతు పోయినట్టే. విప్పాక కూడా ఒకసారి గిన్నె అంచు చూడండి. అతుకు గుర్తు చుట్టూ ఒకే వెడల్పులో ఉండాలి. ఎక్కడైనా దాన్ని అడ్డంగా కోస్తూ మెరిసే గీత ఉంటే అదే కారిన దారి, ఆ లెన్స్ వాడొద్దు.

నీళ్లు తగ్గితే నష్టం క్రిములతోనే ఆగదు. మిగిలిన ఉప్పునీళ్లు చిక్కబడి కన్ను భగ్గుమంటుంది. చాలా సాఫ్ట్ లెన్సుల్లో 38 శాతం నుంచి 60 శాతం దాకా నీరే ఉంటుంది. అది ఎండితే లెన్స్ కుంచించుకుని వంపు మారుతుంది, కంటిని బిగిస్తుంది.

విడి స్ట్రిప్పుల్లో ఈ బెడద ఎక్కువ. కత్తెరతో కత్తిరించేటప్పుడు సీల్ ఉంగరమే తెగవచ్చు, మెలితిప్పి విరిస్తే అంచు వంగుతుంది. అమెరికా నుంచి వచ్చేవాళ్లతో తెప్పించుకునేవాళ్లు ఒకటి గమనించండి. లగేజీలో చోటు కోసం బాక్సులు పారేసి స్ట్రిప్పులు మాత్రమే బట్టల మధ్య కుక్కుతారు. విమానంలో గాలి ఒత్తిడి తగ్గి బ్లిస్టర్ లోపలి గాలి ఉబ్బుతుంది, పైన సూట్‌కేస్ బరువు నొక్కుతుంది. సరైన సీల్ దీన్ని తట్టుకుంటుంది, బలహీనమైనది తట్టుకోలేదు. బాక్సుతోనే తెమ్మనండి.

పెళ్లి మేకప్‌కు కొనే రంగు లెన్సులు చిన్న గాజు సీసాల్లో వస్తుంటాయి. పైనున్న అల్యూమినియం పట్టీని రెండు వేళ్లతో తిప్పండి. తిరిగితే బిగింపు వదులు, తీసుకోవద్దు.

బాక్సు మీద తయారీదారు పేరు, లాట్ నంబరు, ఎక్స్‌పైరీ, స్టెరైల్ గుర్తు, దిగుమతి సరుకైతే దిగుమతిదారు చిరునామా, లైసెన్స్ నంబరు ఉండాలి. రేకు మీది లాట్, ఎక్స్‌పైరీ బాక్సుతో సరిపోవాలి. ఎక్స్‌పైరీ మీద స్టిక్కర్ అంటించి ఉంటే వెంటనే తిరిగి ఇచ్చేయండి.

పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. కారిన బ్లిస్టర్‌ను విప్పకుండా, లాట్ నంబరు కనిపించేలా ఫొటో తీసి ఉంచండి. డబ్బు వెనక్కి ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

అలాంటి లెన్స్ ఇప్పటికే పెట్టుకుని ఉండి కన్ను ఎర్రబడినా, నొప్పి వచ్చినా, వెలుతురు చూడలేకపోయినా వెంటనే తీసేయండి. సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా పడితే ఒకటి రెండు రోజుల్లోనే నల్లగుడ్డు మీద పుండు పడవచ్చు. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకోవద్దు, ఇన్ఫెక్షన్ ముదురుతుంది. అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. తీసిన లెన్స్‌నూ, దాని గిన్నెనూ, రేకునూ పారేయకుండా శుభ్రమైన కవర్లో వెంట తీసుకెళ్లండి. ఏ క్రిమి పడిందో తేల్చడానికి ల్యాబ్‌లో ఆ లెన్స్‌నే కల్చర్ చేయవచ్చు, అంటే దాని మీది క్రిములను పెంచి చూడవచ్చు.