ఫోటోలు ఫోన్‌లోనే చెక్ చేయడమా, సర్వర్‌లోనా? ఏది మేలు?

2021 ఆగస్టులో యాపిల్ ఒక ప్లాన్ బయటపెట్టింది గుర్తుందా, ఐక్లౌడ్‌కి (యాపిల్ ఆన్‌లైన్ స్టోరేజ్‌కి) వెళ్ళే ఫోటోలని పైకి ఎక్కకముందే మన ఐఫోన్‌లోనే చెక్ చేస్తాం, చిన్నపిల్లల మీద లైంగిక దాడుల ఫోటోలు పట్టుకోడానికి అని. గూగుల్ వాళ్ళు ఆ పని ఎప్పట్నుంచో చేస్తున్నారు, కాకపోతే ఫోటో వాళ్ళ సర్వర్‌కి చేరాక. రెండూ ఒకటేగా అంటారు చాలామంది, నాకైతే అస్సలు కాదు.

యాపిల్ వైపు న్యాయం లేదని అనను. ఆ ప్లాన్ ప్రకారం ఫోన్ అలా వెళ్ళే ప్రతి ఫోటోకీ ఒక నంబర్ తీసి, పిల్లల రక్షణ సంస్థల దగ్గరున్న, ఇదివరకే దొరికిన పాత నేరాల ఫోటోల నంబర్లతో పోలుస్తుంది, దాదాపు 30 కలిస్తేనే కంపెనీ మనిషి చూస్తాడు, లేకపోతే మన ఆల్బమ్ జోలికి ఎవరూ రారు. కానీ ఆ లిస్టులో ఏముందో మనకి కనపడదు, రేపు ఏదో ప్రభుత్వం తనకి పడని పోస్టర్ కూడా కలపమంటే? ఒప్పుకోం అంది యాపిల్, ఐక్లౌడ్ ఆపేస్తే చెకింగే ఉండదు అని కూడా అంది, సరే, కానీ మెషీన్ మన జేబులోకి వచ్చేశాక అదంతా ఒక్క అప్‌డేట్‌తో మారిపోయే రూలే కదా. పైగా రెండు వారాల్లోనే ఒక కుక్క ఫోటోకీ బూడిదరంగు గజిబిజి బొమ్మకీ ఒకే నంబర్ వచ్చేలా కొందరు చేసి చూపించారు, అంటే ఏ తప్పూ లేని ఫోటో కూడా పట్టుబడొచ్చన్నమాట. 2022 డిసెంబర్‌లో యాపిల్ ప్లాన్ పూర్తిగా వదిలేసింది, మంచి పని చేసింది.

అలాగని సర్వర్ సేఫ్ అనుకోకండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక నాన్న, చిన్న కొడుక్కి మర్మాంగం దగ్గర వాపొస్తే డాక్టర్‌కి చూపించాలని ఫోటోలు తీశాడు, అవి ఆటోమేటిగ్గా బ్యాకప్ అయ్యాయి, గూగుల్ ఏఐ నేరం అనుకుంది, అకౌంట్ పోయింది, మెయిల్స్, కాంటాక్ట్స్, బాబు ఫోటోలు అన్నీ. నేరమేం లేదని పోలీసులు తేల్చినా తిరిగివ్వలేదు. పాపకి ర్యాష్ వస్తే ఫోటో తీసి డాక్టర్‌కి వాట్సాప్ చేయడం మనందరం చేసే పనే, అందుకే ఈ కేసు చదివినప్పుడు నాకు చేతులు చల్లబడ్డాయి.

అందుకే నా ఓటు సర్వర్‌కే, అదీ పాత ఫోటోల నంబర్లు పోల్చడం వరకే, కొత్త ఫోటో చూసి ఏఐ ఊహించి అకౌంట్ మూసేయడం మాత్రం వద్దు. పిల్లల ఫోన్ సంగతి వేరు, యాపిల్ మెసేజెస్‌లో నగ్న ఫోటో వస్తే ఫోన్ దాన్ని బ్లర్ చేసి, చూడాలా వద్దా అని పిల్లనే అడుగుతుంది, కంపెనీకి ఏ కబురూ వెళ్ళదు. మా ఇంట్లో అయితే అది ఆన్ చేసే ఉంచుతా.