ఓవెన్ పోయి ఫ్లాస్కు వచ్చె

మా మైక్రోవేవ్ తొమ్మిదేళ్లు పనిచేసి మొన్న మొండికేసింది. ప్లేటు తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, కాఫీ మాత్రం వేడెక్కదు. లోపల వేడిచేసే తరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్ అనే భాగం పోయింది, మార్చాలంటే మూడు వేలన్నాడు మెకానిక్. మేం దాంతో చేసేదల్లా మా వారి రెండో కాఫీ వేడిచేయడమే! అందుకని విజయవాడ బీసెంట్ రోడ్డులో 750 రూపాయలకి అర లీటరు స్టీలు ఫ్లాస్కు కొన్నాను.

ముందు మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలుంచి, పారబోసి, అప్పుడు కాఫీ పోస్తున్నాను. ఆరింటికి పోసింది తొమ్మిదింటికి కూడా పొగలు కక్కింది. పదకొండుకి గోరువెచ్చన, అంతే. పాల కాఫీ అంతసేపు ఉంచితే రుచి మారుతుంది కూడా.

మూతి మరీ సన్నం, చెయ్యి పట్టదు. సీసాలు కడిగే బ్రష్ విడిగా కొన్నాను. మూత రబ్బరు రోజూ విప్పి కడక్కపోతే పాలవాసన! ఆయనకేమో ఓవెన్ 'టింగ్' వినబడక కాఫీ సంగతే గుర్తుండట్లేదు.