కంప్యూటర్ కాల్‌ని టేబుల్ ఫోన్ రిసీవర్‌లో మాట్లాడటం: రెండేళ్ల నాలుగు నెలల తర్వాత

నాకు హెడ్‌సెట్ పడదు. చెన్నై ఎండల్లో చెవుల మీద ఆ మెత్తలు పెట్టుకుని కూర్చుంటే అరగంటలో చెమట పట్టి దురద మొదలవుతుంది, ఏసీ ఉన్నా అంతే. అందుకే మా ఆఫీసులో టేబుల్ ఫోన్లు మార్చినప్పుడు, కొత్త ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపితే కంప్యూటర్‌లో వచ్చే కాల్స్ కూడా అదే రిసీవర్‌లో మాట్లాడుకోవచ్చని తెలిసి ఆ రోజే కేబుల్ తెచ్చుకున్నాను. ఏ కంపెనీ ఫోన్ అన్నది ఇక్కడ రాయను. ఈ సౌకర్యం ఉన్న ఫోన్లు చాలా కంపెనీలకి ఉన్నాయి, నేను చెప్పేది ఆ సౌకర్యం గురించి.

మాది రాజాజీ సాలైలో కస్టమ్స్ హౌస్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న క్లియరింగ్ ఆఫీసు, అంటే ఎగుమతి సరుకులకి కస్టమ్స్ పేపర్ల పని చేసిపెట్టేది. గుంటూరు మిర్చి, నెల్లూరు రొయ్యలు పంపే పార్టీలతో తెలుగులో మాట్లాడే పని నాది. సగం మంది ల్యాండ్‌లైన్‌కి చేస్తారు, సగం మంది కంప్యూటర్‌లో ఉన్న కాలింగ్ యాప్‌కి చేస్తారు. ఫోన్లో మేం ఎక్కువగా రాసుకునేది కంటైనర్ నంబర్లు. నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు. నాలుగో అక్షరం దాదాపు ఎప్పుడూ యు, కాబట్టి తికమకంతా మొదటి మూడింటితోనే. చివరి అంకె మిగతావాటిని లెక్క కట్టి పెట్టేది, అందువల్ల నంబరులో ఎక్కడో తప్పుందని చాలావరకు తెలిసిపోతుంది, కానీ ఏ అక్షరం తప్పో అది చెప్పదు కదా. మళ్లీ ఫోన్ చేసి అడగాలి. అది పట్టుకోకుండా పేపర్లలోకి వెళ్లిందా, ఆ పేపర్లు దిద్దించే అమెండ్‌మెంట్ కోసం తిరగాలి.

నాకు ఈ ఫోన్ నచ్చింది ఇక్కడే. మామూలు ల్యాండ్‌లైన్‌లో 3400 హెర్ట్జ్ దాటిన శబ్దం ఏదీ రాదు. ఎఫ్‌కీ ఎస్‌కీ తేడా తెలిపే ఆ సన్నటి ‘స్స్’ శబ్దం ఎక్కువగా దానికి పైనే ఉంటుంది. అందుకే ఇన్నేళ్లూ ‘ఎఫ్ ఫర్ ఫాదరా, ఎస్ ఫర్ సన్నా’ అని ప్రతి నంబరుకీ అడుగుతూ వచ్చాం. యాప్ కాల్‌లో ఆ పై శబ్దాలు కూడా ఉన్న గొంతు వస్తుంది. అదే కాల్ ల్యాప్‌టాప్ స్పీకర్‌లో వింటే గదిలో ఫ్యాను మోత, పక్క టేబుల్ మాటలు కలిసిపోయి అసలుది వినపడేది కాదు. ఆ గొంతు రిసీవర్ ద్వారా నేరుగా చెవిలోకి వచ్చిన మొదటి రోజు, గుంటూరు యార్డు దగ్గర నుంచి మాట్లాడుతున్న ఆయన నంబరు చదువుతుంటే, ఆయన వెనకాల లారీ రివర్స్ తీస్తున్న చప్పుడు కూడా విడిగా తెలిసింది. నంబరు ఒక్కసారే రాసుకున్నాను, మళ్లీ అడగలేదు. ఆయనే ‘రాసుకున్నావా లేదా’ అని అడిగారు. రిసీవర్ ఎత్తితే కాల్ తీసుకుంటుంది, పెట్టేస్తే కట్ అవుతుంది, మౌస్ కోసం వెతకక్కర్లేదు. ఆ నెలంతా కనపడిన ప్రతివాళ్లకీ ఇదే కొనమని చెప్పాను.

కేబుల్ గురించి ఒక మాట. మా ఫోన్‌కి రెండు యూఎస్‌బీ పోర్టులు ఉన్నాయి. పెద్దది, పెన్‌డ్రైవ్ పెట్టే రకం, అది ఫోన్‌కి వేరే వస్తువులు తగిలించడానికి. కంప్యూటర్‌కి కలిపేది చిన్న పోర్టు, టైప్ సి. మా ఆఫీసులో ఒకతను ఇది తెలియక రెండు వైపులా పెద్ద పిన్నే ఉన్న కేబుల్ రిచీ స్ట్రీట్‌లో కొనుక్కొచ్చి పెట్టాడు. పనిచేయదు, పైగా రెండు వైపుల నుంచీ 5 వోల్టుల కరెంటు ఎదురెదురుగా వస్తుంది, అలా పెట్టకండి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు కూడా ఉంటాయి, వాటిలో డేటా తీగలు ఉండవు, వాటితో కంప్యూటర్‌కి ఫోన్ కనపడనే కనపడదు.

ఇక గత ఏడాది జూన్‌లో జరిగిన సంగతి. నా ల్యాప్‌టాప్‌కి పోర్టులు తక్కువ. అందుకని ఫోన్ కేబుల్‌ని మానిటర్ వెనకాల ఉన్న యూఎస్‌బీ పోర్టుకి పెట్టాను, మానిటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి ఒక కేబులు. చూడ్డానికి నీటుగా ఉంది, ఏడాది పైనే బాగా నడిచింది కూడా. ఆ రోజు మధ్యాహ్నం నా ఎదుటి కుర్చీలో ఒక మిర్చి పార్టీ కూర్చుని ఉన్నారు, రేటు మాట్లాడుకోవడానికి వచ్చారు. అదే సమయానికి ఇంకో మిర్చి పార్టీ యాప్‌లో కాల్ చేశారు. వీళ్లిద్దరిదీ ఒకే ఊరు, ఒకే యార్డు, ఒకరంటే ఒకరికి పడదు. రిసీవర్ చెవికి ఆనించుకుని ‘చెప్పండి అన్నగారూ’ అన్నాను, పేరు పలకలేదు. ఆయన తన కంటైనర్‌కి మేం వేసిన ఛార్జీ గురించి మాట్లాడుతున్నారు, పాత బాకీ గురించి కూడా.

కరెంటు పోయింది. జనరేటర్ అందుకోవడానికి పది సెకన్లు పడుతుంది. ఫోన్‌కి కరెంటు నెట్‌వర్క్ కేబుల్ నుంచే వస్తుంది, ఆ కేబుల్ వెళ్లి కలిసే నెట్‌వర్క్ స్విచ్ పెట్టె యూపీఎస్ మీద ఉంది, కాబట్టి ఫోన్ ఆగలేదు. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది. మానిటర్ ఒక్కటి ఆరిపోయింది. మానిటర్‌తో పాటు దాని వెనకాల పోర్టూ పోయింది, కంప్యూటర్‌కి ఫోన్ మాయమైపోయింది. యాప్ కాల్‌ని వదలలేదు, ల్యాప్‌టాప్ స్పీకర్‌కి మార్చేసింది, ఫుల్ వాల్యూంలో. ‘నాకు ఆ రేటు వేసి, వాడికి తగ్గించావంటే ఊరుకోను’ అన్న మాట గదంతా వినపడింది. ‘వాడు’ నా ఎదురుగా కూర్చున్న మనిషే. నా చేతిలో రిసీవర్ అలాగే ఉంది, అందులో చప్పుడు లేదు. ల్యాప్‌టాప్ మూసేసరికి మూడు నాలుగు సెకన్లు పట్టిందేమో, అంతలో జరగాల్సింది జరిగిపోయింది. ఎదురుగా ఉన్నాయన ఏమీ అనలేదు, టీ సగం తాగి లేచి వెళ్లిపోయారు. తర్వాత రెండు నెలలు మాకు ఒక్క కంటైనర్ కూడా ఇవ్వలేదు. ఒకరి రేటు ఇంకొకరి చెవిన పడకుండా చూసుకోవడమే మా వృత్తిలో మొదటి మర్యాద, దాన్ని నేను కాపాడలేకపోయానన్న బాధ ఇప్పటికీ ఉంది.

తప్పు ఫోన్‌ది కాదు, నేను కలిపిన పద్ధతిది, ఒప్పుకుంటాను. కానీ కేబుల్ ఊడితే కాల్ మ్యూట్ అవ్వాలి గానీ లౌడ్‌స్పీకర్‌లోకి పోవడం ఏమిటన్న కోపం మాత్రం నాకు పోలేదు. ఆ సాయంత్రమే ఫోన్ కేబుల్‌ని ల్యాప్‌టాప్‌కే నేరుగా పెట్టి, మౌస్‌ని మానిటర్ పోర్టుకి మార్చాను. విండోస్‌లో డివైస్ మేనేజర్‌కి వెళ్లి ల్యాప్‌టాప్ స్పీకర్‌ని పూర్తిగా డిజేబుల్ చేశాను, ఇప్పుడు ఫోన్ ఊడినా మారడానికి అక్కడ ఏమీ లేదు. యూఎస్‌బీ హబ్ ప్రాపర్టీస్‌లో, పవర్ ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపొచ్చు అనే టిక్కు ఉంటుంది, దాన్ని కూడా తీసేశాను. అంతకుముందు భోజనం చేసి వచ్చాక మొదటి కాల్‌లో గొంతు రాకపోవడం అప్పుడప్పుడూ జరిగేది, ఆ తర్వాత జరగలేదు. అది మానిటర్ నిద్రపోవడం వల్లో ఈ టిక్కు వల్లో తేల్చుకోలేదు, రెండూ ఒకేసారి మార్చాను కదా.

మొదట్లో నేను పొగిడిన వాటిలో కొన్ని తగ్గించి చెప్పాలి. రిసీవర్ ఎత్తితే కాల్ తీసుకుంటుందన్నాను, అది ఆ యాప్‌కి మాత్రమే. బ్రౌజర్‌లో మీటింగ్ లింకు తెరిచినప్పుడు నాకు గొంతు వస్తుంది గానీ బటన్లు పనిచేయవు, మౌస్‌తోనే నొక్కాలి. యాప్ కాల్‌లో ఉండగా ల్యాండ్‌లైన్ తీసుకుంటే యాప్‌లో ఉన్న మనిషికి హోల్డ్ అని తెలియదు, ఉన్నట్టుండి నిశ్శబ్దం అవుతుంది. ‘ఒక్క నిమిషం’ అని చెప్పి తీసుకోవడం అలవాటు చేసుకున్నాను.

రోజంతా ఒకే టేబుల్ దగ్గర కూర్చుని, నంబర్లూ పేర్లూ రాసుకునే పనైతే తీసుకోమంటాను. ఆఫీసు ఇచ్చిన ఫోన్‌కే ఆ పోర్టు ఉంటే కేబుల్ ఖర్చు తప్ప ఏమీ లేదు. అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడేవాళ్లకి, రెండు చేతులతో టైప్ చేసేవాళ్లకి రిసీవర్‌తో మెడ పట్టేస్తుంది. మా ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్ చూసే అమ్మాయి నెల వాడి హెడ్‌సెట్‌కే వెళ్లిపోయింది. నా చెవులు వేరు, నా పని వేరు.

ఆ ఎదుటి కుర్చీ పెద్దాయన ఈ సంక్రాంతి తర్వాత మళ్లీ వచ్చారు. కూర్చోగానే ల్యాప్‌టాప్ వైపు చూసి ‘అది అరవదు కదా?’ అన్నారు. కేబుల్ పీకి, స్పీకర్‌లోంచి ఏమీ రాకపోవడం ఆయనకి చూపించి, మళ్లీ పెట్టాను.