పక్కూళ్ళో కొత్త గురువు మనుషులు దిగితే: వైల్డ్ వైల్డ్ కంట్రీనా, ఏ2నా, ఏది మేలు?

మా శ్రీకాకుళం జిల్లాలో హిరమండలం దగ్గరున్న కూర్మ గ్రామం గురించి యూట్యూబ్‌లో వీడియోలు వస్తూనే ఉంటాయి, కరెంటు లేకుండా మట్టి ఇళ్ళు కట్టుకొని పాతకాలం పద్ధతిలో బతుకుతున్న కృష్ణ భక్తులు. నేను చూసిన వీడియోలన్నీ ఒకటే తీరు, లోపలికి వెళ్ళి ఇల్లు చూపిస్తారు, వంట చూపిస్తారు, పిల్లల చేత శ్లోకాలు చెప్పిస్తారు, బయటికొచ్చేస్తారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళని ఒక్క మాట అడగరు. అక్కడ ఏదో గొడవుందని నేను అనట్లేదు, బాగా కలిసిమెలిసి ఉన్నా సరే ఆ మాట పొరుగువాళ్ళ నోటంట వినాలి కదా అంటున్నాను. కొత్త మత సమాజాల మీద డాక్యుమెంటరీ ఏది చూసినా నేను మొదట చూసేది అదే, కంచెకి ఇవతలున్న మనిషికి ఎంతసేపు మైకు ఇచ్చేరు అని. ఆ లెక్కన ఇక్కడ రెండు డాక్యుమెంటరీలు పోల్చి చూస్తున్నాను, అమెరికాలో జరిగిన కథ వైల్డ్ వైల్డ్ కంట్రీ, జపాన్ వాళ్ళ ఏ2.

అందరూ ముందు చెప్పేది వైల్డ్ వైల్డ్ కంట్రీ. 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, ఆరు ఎపిసోడ్లు, ఒక్కోటి గంట పైనే. ఓషో అని మనం పిలిచే గురువు రజనీష్ మనుషులు 1981లో అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలో సుమారు 64,000 ఎకరాల రాంచ్, అంటే పశువుల్ని మేపుకునే పెద్ద భూమి, కొని అందులో ఏకంగా ఒక నగరమే కట్టడం మొదలెట్టేరు. దగ్గర్లో ఉన్న ఊరు యాంటిలోప్, అక్కడ జనం యాభై మంది కూడా ఉండరు. సినిమా మొదలైనప్పుడు ఇది మతానికీ మతానికీ గొడవేమో అనిపిస్తుంది, ఎర్ర బట్టలేసుకున్న వేలమంది ఒకవైపు, చర్చికెళ్ళే ముసలివాళ్ళు ఇంకోవైపు. కానీ కాస్త ఓపిగ్గా చూస్తే అసలు తగువు భూమి కాగితాల దగ్గరుంది. మనకి వ్యవసాయ భూమిలో ఇళ్ళు కట్టాలంటే ల్యాండ్ కన్వర్షన్ ఎలాగో, ఓరెగాన్‌లో సాగు భూమిలో ఊరు కట్టడానికి అంతకంటే గట్టి రూల్సు ఉన్నాయి. ప్రింటింగు ప్రెస్సు లాంటివి రాంచ్‌లో పెట్టడానికి కుదరక వాళ్ళు యాంటిలోప్‌లో ఇళ్ళూ స్థలాలూ కొన్నారు, దాంతో ఊరివాళ్ళకి భయం పట్టుకుంది. 1982 ఏప్రిల్‌లో అసలు ఊరికున్న మున్సిపల్ హోదానే రద్దు చేసేసుకుందాం అని ఓటింగు పెట్టుకున్నారు, తీరా చూస్తే అప్పటికే సన్యాసుల, అంటే రజనీష్ శిష్యుల, ఓట్లు ఎక్కువైపోయి అది కూడా ఓడిపోయింది, ఆ ఏడాదే కౌన్సిల్ కూడా వాళ్ళ చేతికి వెళ్ళిపోయింది, తర్వాత ఊరి పేరే రజనీష్ అని మార్చేసేరు. పంచాయతీ ఎన్నికలు దగ్గర్నుంచి చూసిన మనవాళ్ళెవరికైనా ఇది వెంటనే అర్థమైపోతుంది, ఓటరు లిస్టు ఎవరి చేతిలో ఉంటే ఊరు వాళ్ళదే.

అక్కడినుంచి కథ చాలా దూరం పోయింది. 1984లో నవంబరు కౌంటీ (మన జిల్లా లాంటిది) ఎన్నికల ముందు వేరే నగరాల్నుంచి ఇల్లూ వాకిలీ లేని మనుషుల్ని బస్సుల్లో తెచ్చుకున్నారు, వాళ్ళ చేత ఓట్లు వేయించుకోవాలని చూసేరు. అదే కౌంటీలోని ది డాల్స్ అనే ఊళ్ళో పది రెస్టారెంట్ల సలాడ్ బార్లలో సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బాక్టీరియా కలిపేరు, 751 మంది జబ్బుపడ్డారు, ఎవరూ చనిపోకపోవడం అదృష్టం. ఓట్లేసే స్థానికులు ఆ రోజు మంచంలో ఉండాలని ముందే చేసి చూసుకున్న పరీక్ష అది. 1985లో రజనీష్‌ని అరెస్టు చేసి దేశం దాటించేసేరు, ఊరికి యాంటిలోప్ అనే పాత పేరు తిరిగొచ్చింది.

తీయడంలో వంక పెట్టలేం, ఆ రోజుల్నాటి టీవీ ఫుటేజీ గుట్టలు గుట్టలుగా తవ్వితీసేరు, ఇటువాళ్ళనీ అటువాళ్ళనీ కూర్చోబెట్టి మాట్లాడించేరు. నాకున్న బాధ ఒకటే. కెమెరా రజనీష్ సెక్రటరీ షీలా మీద మనసు పారేసుకుంది. ఆవిడ మాట, ఆవిడ తెగింపు, ఆ వెనకాల మ్యూజిక్కు, ఆరు ఎపిసోడ్లు అయ్యేసరికి మనకి గుర్తుండేది ఆవిడ ముఖమే గానీ ఆ 751 మందిలో ఒక్కరి ముఖం కూడా కాదు. కమ్యూన్‌లో పెరిగిన పిల్లల సంగతి దాదాపు లేదు. అమెరికా వెళ్ళకముందు రజనీష్ ఆశ్రమం నడిపిన పూణే రోజులు కూడా గబగబా దాటించేసేరు, మనవాళ్ళకి అదే ముఖ్యం కదా.

ఇప్పుడు రెండోది, తక్కువమంది చూసింది, జపాన్ వాళ్ళ ఏ2. డైరెక్టరు తత్సుయా మోరి. 1995 మార్చి 20న టోక్యో మెట్రో రైళ్ళలో సారిన్ విషవాయువు వదిలింది ఓమ్ షిన్‌రిక్యో అనే మత సంస్థ, పైవాళ్ళంతా జైలుకి పోయేక కింద మిగిలిన మామూలు భక్తులు ఏమయ్యేరు అన్నది ఆయన పట్టుకున్నాడు. 1998లో ఏ అని ఒకటి తీసేడు, అందులో సంస్థ తరఫున విలేకరులకి జవాబులు చెప్పుకునే ఒక కుర్రాడి వెంట తిరిగేడు. రోడ్డు మీద పోలీసు ఒకాయన తనంతట తనే పడిపోయినట్టు చేసి ఒక భక్తుణ్ణి అరెస్టు చెయ్యడం కూడా ఆ కెమెరాలో పడింది, ఆ ఫుటేజీ వల్లే అతను బయటికొచ్చేడు. 2001లో వచ్చిన ఏ2 పూర్తిగా పొరుగువాళ్ళ సినిమా. భక్తులు ఏ ఊరికెళ్ళినా జనం బ్యానర్లు కట్టి పొమ్మంటారు, స్థానిక సంస్థలు నివాస నమోదు కూడా మేం చెయ్యం అనేసేయి, మన లెక్కలో ఆధార్‌లో అడ్రస్ మార్చం పో అన్నట్టే. ఒక ఊళ్ళో జనం ఆ ఇంటి ముందే టెంటు వేసుకొని వంతులవారీగా కాపలా కాస్తారు. రోజూ కాపలా కాస్తే ఏటవుతుంది, రోజూ అవే ముఖాలు, పలకరింపులు మొదలవుతాయి, కబుర్లు మొదలవుతాయి, ఆఖరికి భక్తులు ఆ ఊరు వదిలి వెళ్ళాల్సొచ్చేసరికి కాపలాకొచ్చినవాళ్ళకే మనసొప్పదు.

అలాగని మోరి ఓమ్ చేసిన పాపాన్ని కడిగెయ్యలేదు. 1994లో మత్సుమోతో ఊళ్ళో ఇదే సంస్థ సారిన్ వదిలింది, అక్కడ కూడా మూలం స్థలం కేసే, తీర్పు చెప్పాల్సిన జడ్జీలుండే ఇళ్ళ దగ్గర వదిలేరు. ఆ పక్కనే ఉండే కోనో యోషియుకి భార్య కోమాలోకి వెళ్ళిపోయింది, పైగా పోలీసులూ పేపర్లూ ముందు ఆయన్నే అనుమానించేయి. ఏ2లో ఓమ్ మనుషులు ఆయన్ని కలవడానికి వెళ్తారు, క్షమాపణ చెప్పడం కూడా వాళ్ళకి సరిగ్గా చేతకాదు, ఆ సీను చూస్తుంటే ఒళ్ళు మండుతుంది, జాలీ వేస్తుంది, రెండూ ఒకేసారి.

వేకో గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. 1993లో టెక్సాస్‌లో వేకో ఊరి దగ్గర బ్రాంచ్ డేవిడియన్లు అనే మత సమాజం ఉండే చోటుని అధికారులు చుట్టుముట్టేరు, 51 రోజులు ముట్టడి జరిగి ఆఖరికి మంటల్లో 76 మంది పోయేరు. 1997లో వచ్చిన వేకో: ది రూల్స్ ఆఫ్ ఎంగేజ్‌మెంట్ ప్రభుత్వాన్ని నిలదీసే సినిమా, ఆ పనికి గట్టిదే, 2023 నెట్‌ఫ్లిక్స్ సిరీస్ మూడు ఎపిసోడ్లలో అయిపోతుంది, కానీ రెండిట్లోనూ తుపాకులూ ఎఫ్‌బీఐయే ఎక్కువ, పొరుగువాళ్ళు తక్కువ. జిమ్ జోన్స్ అనే అమెరికా మత గురువు తన జనంతో కట్టుకున్న జోన్స్‌టౌన్ మీద స్టాన్లీ నెల్సన్ 2006లో తీసింది మాత్రం తప్పకుండా చూడాలి, బతికి బయటపడ్డవాళ్ళే చెప్తారు. గయానా అడవిలోకి వెళ్ళిపోయేక ఆ జనానికి పొరుగంటూ లేకుండాపోయింది, అడిగేవాళ్ళు లేరు, 1978 నవంబరు 18న అక్కడ 909 మంది చనిపోయేరు. గొడవపడే పొరుగైనా ఉంటే బావుండేది అని నాకు గట్టిగా అనిపించింది ఆ సినిమా చూసేకే.

మరి ఏది మేలు అంటే, తగువు ఎలా పుట్టి ఎలా ముదురుతుందో, భూమి కాగితం నుంచి ఓటు దాకా, ఓటు నుంచి విషం దాకా ఎలా పోతుందో తెలియాలంటే వైల్డ్ వైల్డ్ కంట్రీ, దాన్ని మించింది లేదు, ఇంగ్లీషు ఫర్వాలేదనుకునేవాళ్ళు ఇంట్లో అందరితో కూర్చొని ఆదివారానికి రెండేసి ఎపిసోడ్లు చూడొచ్చు, కాకపోతే కొన్ని సీన్లలో పిల్లల్ని పక్కకి పంపించాలి. పొరుగువాళ్ళంటే ఎవరు, వాళ్ళ భయం ఎలాటిది, అది ఎలా కరుగుతుంది అన్నది కావాలంటే ఏ2. ఓటీటీలో కొడితే వెంటనే తగిలేది కాదు, సబ్‌టైటిల్స్‌తో వెతుక్కోవాలి, అయినా నా ఓటు దానికే. విజయనగరం, శ్రీకాకుళం వైపు కెమెరా పట్టుకొని తిరుగుతున్న కుర్రాళ్ళు మాత్రం ముందు ఏ2 చూడండి, చూసి హిరమండలం వెళ్ళండి, ఈసారి ఆశ్రమం గేటు కంటే ముందు పక్క ఊరి రచ్చబండ దగ్గర ఆగి, వీళ్ళొచ్చేక మీకేటి మారింది అని అడగండి.